ఎండాకాలంలో ఉఫీట్సి గ్యాలరీకి వెళ్తున్నారా? ముందు ఓపిక కాపాడుకోండి

ఇటలీలో ఫ్లోరెన్స్ నగరంలోని చిత్రకళా మ్యూజియం ఉఫీట్సి గ్యాలరీకి జూన్ నుంచి ఆగస్టు మధ్యలో వెళ్లేవాళ్లు ఎక్కువగా జేబుదొంగల గురించే టెన్షన్ పడతారు. ఆ జాగ్రత్త ఉండాల్సిందే. కానీ నా ఉద్దేశంలో అంతకంటే పెద్ద నష్టం చేసేది అలసట. ఎండలో క్యూ, తర్వాత మెట్లు, తర్వాత గది వెంట గది. చిత్రకారుడు బొట్టిచెల్లి గదులు పై అంతస్తులో ముందే వచ్చేస్తాయి. కారవాజో, అర్తెమీజియా జెంటిలెస్కీ చిత్రాలు కింది అంతస్తులో, చివర్లో ఉంటాయి. ఉన్న శక్తంతా పైనే ఖర్చు చేసేసి, కారవాజో ‘మెడూసా’ ముందు నుంచి తలకూడా తిప్పకుండా బయటికి నడిచేవాళ్లను తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

టికెట్ సంగతి ముందు తేల్చుకోండి. మ్యూజియం అధికారిక వెబ్‌సైట్‌లోనే టైమ్ స్లాట్‌తో బుక్ చేయండి. టికెట్ మీద పేరు ఉంటుంది కాబట్టి పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరే ఇవ్వండి. మన ఇంటిపేర్లు, ముందు వెనకల గొడవ తెలిసిందే కదా, ఒకటికి రెండుసార్లు చూసుకోండి. సోమవారం సెలవు. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం, కానీ ఆ రోజు బుకింగ్ ఉండదు, క్యూ చాలా పొడవుగా ఉంటుంది. పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే ఆ ఉచితం మీద ఆశ పెట్టుకోకండి. బయట చేతిలో టికెట్లు పట్టుకుని పిలిచేవాళ్ల దగ్గర ఎప్పుడూ కొనొద్దు.

మైకెలాంజెలో ‘డేవిడ్’ శిల్పం ఇక్కడ ఉండదు. అది ఇదే ఊళ్లోని అకాడెమియా గ్యాలరీలో ఉంది, దాని టికెట్ వేరు. పక్కనే సిన్యోరియా కూడలిలో నిలబడి ఉన్నది నకలు.

ఈ భవనం మ్యూజియం కోసం కట్టింది కాదు. ఫ్లోరెన్స్‌ను ఏలిన మెదిచి వంశపు కోసిమో తన పాలనా కార్యాలయాల కోసం కట్టించాడు, 1560లో వాస్తుశిల్పి వజారి పని మొదలుపెట్టాడు. అందుకే అంత పొడవాటి వరండాలు. చూడటం పై అంతస్తు నుంచి మొదలవుతుంది, అక్కడికి చాలా మెట్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్తే మొహమాటపడకుండా లిఫ్ట్ ఎక్కడో సిబ్బందిని అడగండి. కొత్త చెప్పులు, కొత్త బూట్లు ఆ రోజు వద్దు. బీపీ, షుగర్ మందులు హోటల్‌లో వదలకుండా చేతిసంచిలో పెట్టుకోండి. 2018 డిసెంబరులో బొట్టిచెల్లి చిత్రం ‘వీనస్ జననం’ దగ్గరే ఒక పెద్దాయనకు గుండెపోటు వచ్చింది. గొప్ప చిత్రాల ముందు కళ్లు తిరగడాన్ని స్టెండాల్ సిండ్రోమ్ అంటారు, ఫ్లోరెన్స్‌లోనే ఒక సైకియాట్రిస్ట్ ఆ పేరు పెట్టారు. పేరేదైనా సరే, తల తేలికగా అనిపిస్తే వెంటనే కూర్చోండి, పక్కనున్న సిబ్బందికి చెప్పండి. ఎండలో వచ్చి నీళ్లు తాగకపోయినా అలాగే అవుతుంది. అత్యవసరమైతే నంబరు 112.

అన్నీ చూడాలని పట్టుబట్టకండి. ముందు రోజు రాత్రే పదో పన్నెండో ఎంచుకోండి. పైన జొత్తో ‘మాతృమూర్తి’, బొట్టిచెల్లి ‘ప్రిమావెరా’, ‘వీనస్ జననం’, లియొనార్డో ‘శుభవార్త’, మైకెలాంజెలో గుండ్రటి ‘డోని టోండో’ నేనైతే వదలను. అవి అయ్యాక పై అంతస్తులోనే ఉన్న కెఫేలో కాసేపు కూర్చుని, ఏదైనా తిని, అప్పుడు కిందికి దిగండి. టిషియన్, కారవాజో చిత్రాలకు కళ్లు మళ్లీ సిద్ధమవుతాయి. ఒకసారి బయటికి వచ్చేస్తే అదే టికెట్‌తో మళ్లీ లోపలికి వెళ్లడం కుదరదు.

ఇక ఫొటోలు. ఫ్లాష్ లేకుండా తీసుకోవచ్చు, సెల్ఫీ స్టిక్ మాత్రం వద్దు. పెద్ద బ్యాగులు, గొడుగులు క్లోక్‌రూమ్‌లో ఇచ్చేయాలి. నేను మరీ మరీ చెప్పేది ఒకటే: చిత్రానికి వీపు పెట్టి వెనక్కి నడవకండి. 2025 జూన్‌లో ఒక సందర్శకుడు చిత్రంలోని మనిషిలా పోజు పెట్టబోయి, వెనక్కి తూలి పడ్డాడు. గబ్బియాని గీసిన ఫెర్డినాండో మెదిచి చిత్రపటం చిరిగింది. మెదిచి వంశంలో చివరిదైన అన్నా మరియా లూయిజా 1737లో తమ వంశం కూడబెట్టిన ఈ కళాసంపద ఫ్లోరెన్స్ దాటకూడదని ఒప్పందం రాయించింది కాబట్టే ఇవాళ మనం వీటిని ఇక్కడ చూడగలుగుతున్నాం. పిల్లల చెయ్యి పట్టుకునే ఉండండి.

పాస్‌పోర్ట్, డబ్బు శరీరానికి ఆనించి ఉండే పౌచ్‌లో ఉంచండి. పాంటె వెక్కియో వంతెన మీద, రైల్వే స్టేషన్‌లో రద్దీ ఎక్కువ, ఫోన్ వెనక జేబులో పెట్టకండి. బయటికి రాగానే వీధిలో నేల మీద బొమ్మల పోస్టర్లు పరిచి అమ్ముతుంటారు. పొరపాటున కాలు పడితే డబ్బు కట్టమని చుట్టూ చేరతారు, అందుకే పైకి చూస్తూ నడవకండి. బ్రాండ్ పేరుతో అమ్మే నకిలీ బ్యాగులు అసలే కొనొద్దు. ఇటలీలో కొన్నవాళ్లకు కూడా జరిమానా వేస్తారు.