భూమి కక్ష్య లక్షల ఏళ్ళలో ఎలా మారుతుందో దారంతో గీసి చూడటం ఎలా?

భూమి సూర్యుడి చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. కొలతలు వేసి ఒక్కసారి గీసి చూసేదాకా నేనూ అలాగే అనుకున్నాను. కక్ష్య మారడమంటే అసలేం మారుతుందో కూడా ఆ బొమ్మతోనే నాకు అర్థమైంది. గంటసేపట్లో అయ్యే పని. ఒక చార్ట్ పేపర్, కింద వేసుకోవడానికి మందపాటి అట్ట, రెండు గుండుసూదులు, సాగని దారం, సన్నగా చెక్కిన పెన్సిల్, స్కేలు ఉంటే చాలు.

మొదట ఇప్పటి కక్ష్య గీయండి

ఒక సెంటీమీటరును కోటి కిలోమీటర్లుగా తీసుకుందాం. సూర్యుడికి, భూమికి మధ్య సగటు దూరం దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు, అంటే మనకు 15 సెంటీమీటర్లు. పేపర్ మధ్యలో సూదులను 5 మిల్లీమీటర్ల ఎడంతో గుచ్చండి. దారం కొనలు రెండూ కలిపి ముడివేయండి. దాన్ని రెండు పేటలుగా లాగి పట్టుకుంటే సరిగ్గా 15.25 సెంటీమీటర్లు రావాలి. తప్పు వచ్చేది ముడి దగ్గరే, కాబట్టి రెండు మూడు సార్లు కొలిచి చూసుకోండి. ఇప్పుడు దారాన్ని సూదుల చుట్టూ వేసి, పెన్సిల్‌తో బిగువుగా లాగి పట్టి చుట్టూ తిప్పండి.

వచ్చింది గుండ్రటి సున్నాయే! నిలువుకీ అడ్డానికీ తేడా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. పెన్సిల్ గీతే అంతకంటే లావు. అసలు సంగతి సూదుల్లో ఉంది. ఒక సూది సూర్యుడు. అక్కడి నుంచి కొలిస్తే ఒక పక్క 14.75, ఎదురు పక్క 15.25 వస్తాయి. దగ్గరి చివర జనవరి మొదటి వారం, దూరపు చివర జులై మొదటి వారం అని రాయండి. మనం సంక్రాంతి చలికి వణికే రోజుల్లోనే భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉంటుంది. ఎండాకాలం, చలికాలం వచ్చేది భూమి అక్షం వాలు వల్ల.

క్యాలెండర్‌తో సరిచూసుకోండి

2025 మార్చి 20 నుంచి సెప్టెంబరు 22 వరకు, అంటే పగలు రాత్రి సమానమయ్యే రెండు రోజుల మధ్య, 186 రోజులు. అక్కడి నుంచి 2026 మార్చి 20కి 179 రోజులే. సూర్యుడికి దగ్గరైనప్పుడు భూమి వేగంగా నడుస్తుంది కాబట్టి ఆ సగం తొందరగా అయిపోతుంది. ఆ 5 మిల్లీమీటర్లు మన గోడ క్యాలెండర్‌లో ఏడు రోజుల తేడాగా కనిపిస్తున్నాయన్నమాట.

ఇప్పుడు సూదులు జరపండి

గురుడు భూమి కంటే 318 రెట్లు బరువు. శుక్రుడు మనకు పక్కవాడు. వీళ్ళూ మిగతా గ్రహాలూ ఏళ్ళ తరబడి లాగుతూ ఉంటే కక్ష్య సాగి, మళ్ళీ గుండ్రబడుతుంది. ఇందులో సుమారు లక్ష ఏళ్ళ లయ ఒకటి, 4,05,000 ఏళ్ళ లయ ఇంకొకటి ఉన్నాయి. బాగా సాగినప్పటి కక్ష్య కావాలంటే సూదుల ఎడం 18 మిల్లీమీటర్లు చేసి, దారాన్ని 15.9 సెంటీమీటర్లు వచ్చేలా మళ్ళీ ముడివేయండి. దారం ఎందుకు మార్చాలంటే, కక్ష్య సాగినా సగటు దూరం దాదాపు మారదు. ఏడాది పొడవూ మారదు.

ఈ బొమ్మ కూడా కంటికి సున్నాలాగే ఉంటుంది. కానీ సూర్యుడి సూది నుంచి కొలవండి: 14.1, 15.9. ఇప్పుడు జనవరిలో భూమికి అందే ఎండ జులై కంటే దాదాపు 7 శాతం ఎక్కువ. ఈ రెండో కక్ష్యలో దగ్గరి చివరకీ దూరపు చివరకీ తేడా 27 శాతం! ప్రస్తుతానికి సూదులు దగ్గరవుతున్నాయి. ఇంకో పాతిక వేల ఏళ్ళకు దాదాపు ఒకదానికొకటి ఆనుకుంటాయి.

చివరగా తేదీలు తిప్పండి

దగ్గరి చివర ఎప్పుడూ జనవరిలోనే ఉండదు. కక్ష్య తానే మెల్లగా తిరుగుతుంది, భూమి అక్షం కూడా బొంగరంలా ఊగుతుంది. రెండూ కలిసి ఆ తేదీని దాదాపు 58 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ముందుకు నెడతాయి. 13వ శతాబ్దంలో, మన ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్న కాలంలో, అది డిసెంబరులో పగలు అతి తక్కువగా ఉండే రోజున పడింది. సుమారు 11 వేల ఏళ్ళ కిందట జూన్, జులై కాలంలో ఉండేది. అప్పుడు ఎండాకాలపు ఎండ ఇంకా ఎక్కువ, నేల బాగా కాగేది, నైరుతి రుతుపవనాలు ఇప్పటికంటే బలంగా ఉండేవి. బొమ్మలో నెలల పేర్లను సగం చుట్టు తిప్పి రాస్తే ఆ కాలం వచ్చేస్తుంది.

ఇదంతా కాగితం మీది లెక్కే అనుకోకండి. సెర్బియా శాస్త్రవేత్త మిలాంకోవిచ్ మంచుయుగాలకు కారణం ఈ మార్పులేనని చేత్తో లెక్కలు కట్టాడు. హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలో అడుగున పేరుకున్న బురద పొరల్లో అవే లయలు దొరికాయని 1976లో వెల్లడైంది.

ఇలా ఎంత వెనక్కైనా, ఎంత ముందుకైనా గీయొచ్చా అంటే, కుదరదు. భూమి స్థానాన్ని ఈరోజు 15 మీటర్లు తప్పుగా కొలిస్తే, 10 కోట్ల ఏళ్ళ తర్వాత అది కక్ష్యలో ఎక్కడుంటుందో చెప్పలేమని ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాక్ లాస్కర్ లెక్కలు తేల్చాయి. అందుకని బొమ్మల కింద కాలం వేసేటప్పుడు ఐదు కోట్ల ఏళ్ళ దగ్గర ఆపేయండి.