పరికరాలకు పట్టిన మైనం వదిలించాలంటే ఏ సాల్వెంట్ వాడాలి?

మైనం పట్టిన గిన్నెనో గొట్టాన్నో చూడగానే సబ్బు నీళ్లు, అవి పనిచేయకపోతే స్పిరిట్, అదీ కాకపోతే అసిటోన్ అంటూ చేతికందినవన్నీ పోసి చూస్తుంటారు. మైనం నీళ్లలో కలవదు, మామూలు వేడిలో స్పిరిట్, అసిటోన్ కూడా దాన్ని పెద్దగా కరిగించవు. దానికి నూనె జాతి ద్రవమే కావాలి.

1. అసలు సాల్వెంట్ (కరిగించే ద్రవం) సీసా మూత తీసేముందు వేడితో వదిలినంత వదిలించండి. పారఫిన్ (కొవ్వొత్తుల మైనం) సుమారు 46 నుంచి 68 డిగ్రీల మధ్య, తేనెమైనం 62-64 దగ్గర కరుగుతాయి. కార్నూబా (తాటి జాతి చెట్టు ఆకుల మైనం) గట్టి పిండం, 80 దాటాలి. వస్తువు తట్టుకుంటుందంటే వేడి నీళ్లలో ముంచండి, మైనం పైకి తేలుతుంది, చల్లారాక పలకలా ఎత్తేయొచ్చు. ఆ నీళ్లు సింకులో మాత్రం పోయొద్దు, గొట్టంలో గడ్డకట్టి కూర్చుంటుంది.

2. ఇప్పుడు ఆ వస్తువు దేనితో చేశారో చూడండి. గాజు, స్టీలు అయితే టెన్షన్ లేదు. రబ్బరు వాషర్లు ఉంటే ఊడదీయండి, ఈ ద్రవాల్లో అవి ఉబ్బిపోతాయి. పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ని టోలుయీన్, జైలీన్ కరిగించేస్తాయి, మిగిలిన ప్లాస్టిక్‌లకైనా కనపడని మూలన ఒక చుక్క వేసి చూశాకే ముందుకెళ్లండి.

3. నన్నడిగితే మొదట మినరల్ టర్పెంటైనే, అదే పెయింటర్లు బ్రష్షులు కడుక్కునేది. కిరోసిన్ కూడా పనిచేస్తుంది గానీ జిడ్డు వదిలిపోతుంది. జైలీన్, టోలుయీన్ చురుగ్గా లాగేస్తాయి, ఘాటు ఎక్కువ, మూసిన గదిలో వద్దు. హెక్సేన్ కూడా చురుకే, కానీ దాని ఆవిరి సున్నా కంటే 20 డిగ్రీలు తక్కువలో కూడా అంటుకోగలదు, పైగా ఎక్కువ కాలం పీలిస్తే నరాలు దెబ్బతింటాయి. ఇంట్లో పనికి అది అక్కర్లేదు.

4. గ్లౌజులు వేసుకుని, కిటికీలు తెరిచి, పొయ్యికీ నిప్పురవ్వకీ దూరంగా ఉండి, మునిగేంత పోసి మూతపెట్టి వదిలేయండి. తొందరగా కరుగుతుందని సాల్వెంట్‌ని పొయ్యి మీద వేడి చేయడం మాత్రం చచ్చినా చేయొద్దు. మెత్తబడ్డాక బ్రష్షుతో రుద్ది, వాడని సాల్వెంట్‌తో ఇంకోసారి తొలపండి, లేకపోతే అదే మైనం పలచగా మళ్లీ అంటుకుంటుంది.

5. ఆఖరున గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, గాజు లేదా స్టీలు మీద ఒక నీటిచుక్క వేయండి. గుండ్రంగా ముద్దలా నిలబడిందా, మైనం పొర ఇంకా ఉంది. పలచగా పరుచుకుంటే పనయిపోయినట్టే. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేయకుండా ఆరుబయట పరిచి ఆరనివ్వండి, ముఖ్యంగా మినరల్ టర్పెంటైన్ బదులు చెట్టు టర్పెంటైన్ (పైన్ చెట్టు జిగురు నుంచి తీసేది) వాడితే, అవి వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది.