ముహూర్తానికి ముందు స్కిన్ క్లినిక్‌కు వెళ్తున్నారా?

మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్న ఇళ్లలో చీరలు, నగల పక్కన స్కిన్ క్లినిక్ ప్యాకేజీ కూడా ఖర్చుల చిట్టాలోకి చేరింది. ఆసుపత్రుల నాణ్యతా తనిఖీలు నా ఉద్యోగం కావడంతో, బంధువుల్లో పెళ్లి కుదిరిన ప్రతిసారీ నాకు ఫోను వస్తుంది. "ఆ క్లినిక్ మంచిదేనా పిన్నీ?" ఇంట్లో కూర్చుని నేనేం చెప్పగలను? డబ్బు కట్టకముందు మీరే ఒకసారి వెళ్లి చూసి వస్తే పావుగంటలో చాలావరకు తేలిపోతుంది.

ముందుగా గోడ మీద రిజిస్ట్రేషన్ పత్రం వెతకండి. తెలంగాణలో 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు అల్లోపతి వైద్య సంస్థల కోసం చేసిన 2002 చట్టం వర్తిస్తాయి. గడువు తేదీ దాటిందేమో చూడండి. తరువాత డాక్టరు పేరు పక్కన అక్షరాలు. చర్మవైద్యులకు ఎండీ, డీడీవీఎల్, డీఎన్‌బీ వంటి అర్హత ఉంటుంది. 'కాస్మెటాలజిస్ట్' అని మాత్రమే రాసి ఉంటే ఆగి అడగాలి. రిజిస్ట్రేషన్ నంబరును మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. అయితే బోర్డు మీద ఉన్న డాక్టరు, లేజరు పట్టుకునే చెయ్యి ఒకటేనా అన్నది అసలు ప్రశ్న. సూటిగా అడగండి, మొహమాటం అక్కర్లేదు. జుట్టు మార్పిడి విషయంలోనైతే శస్త్రచికిత్సలో శిక్షణ పొందిన డాక్టరే చేయాలని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

ఇక లోపలి గది. రిసెప్షన్‌లో సోఫాలు, అత్తరు వాసన ఎవరైనా పెడతారు. నేను మాత్రం ముందు ఆటోక్లేవ్, అంటే పరికరాలను వేడి ఆవిరితో శుద్ధి చేసే యంత్రం, ఎక్కడుందని అడుగుతాను. ఒకచోట దాని మీద గుడ్డ పరిచి పూలకుండీ పెట్టారు. ఎన్నాళ్లుగా వాడలేదో ఆ కుండీయే చెప్పింది. శుద్ధి చేసిన పరికరాల పొట్లానికి అంటించే టేపు మీద లేతరంగు చారలు ఉంటాయి, వేడికి అవి నల్లబడతాయి. చారలు నల్లబడి, పైన తేదీ వేసి ఉన్న పొట్లాన్ని మీ ఎదుటే విప్పాలి. సూది కూడా అంతే. వాడిన సూది గుచ్చుకోని తెల్లడబ్బాలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి వెళ్లాలి. రెండూ ఒకే చెత్తబుట్టలో కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. ముఖం మీద సూదులతో గుచ్చి సొంత రక్తం నుంచి తీసిన ద్రవం పూసే చికిత్స ఇక్కడా జోరుగానే సాగుతోంది. అమెరికాలోని న్యూ మెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో అది చేయించుకున్న మహిళలకు హెచ్‌ఐవీ సోకిన సంగతి 2018లో బయటపడింది.

లేజరు కళ్లద్దాలను చేతిలోకి తీసుకుని చూడండి. ఏ కాంతి తరంగదైర్ఘ్యాన్ని (నానోమీటర్లలో) అవి ఆపుతాయో అంచున చిన్న అంకెల్లో ముద్రించి ఉంటుంది. యంత్రం తరంగదైర్ఘ్యం 808 అయితే ఆ అంకెల పరిధిలో 808 రావాలి, 1064 అయితే 1064 రావాలి. మామూలు చలువ అద్దాలు ఇచ్చి కళ్లు మూసుకోమంటే ఒప్పుకోవద్దు. మన చామనఛాయ చర్మానికి 1064 కొంత నయం. ఏదైనా సరే, ముందు చిన్న చోట వేసి చూసి కొన్నాళ్లు ఆగాలి. వెంట్రుకలు తీసే లేజరుకు ముందు నాలుగు వారాలు వ్యాక్సింగ్ వద్దు, వెంట్రుక కుదురు ఉంటేనే లేజరు పని చేస్తుంది. ఎండకు కమిలిన చర్మం మీద అసలే వద్దు. నొప్పి తెలియకుండా చేసే తిమ్మిరి క్రీము ఒళ్లంతా పూసి ప్లాస్టిక్ చుట్టనివ్వకండి. అలా చేసుకున్న ఇద్దరు యువతులు చనిపోయారని అమెరికా ఎఫ్‌డీఏ 2007లో హెచ్చరించింది.

ఫిల్లరు, అంటే ముఖంలో గుంటలు నింపే ఇంజెక్షన్, చేయించుకునేవారు "హైలురోనిడేస్ ఉందా?" అని అడగండి. ఫిల్లరు రక్తనాళంలో అడ్డుపడితే చూపే పోవచ్చు, హైలురోనిక్ ఆసిడ్ రకం ఫిల్లరును కరిగించే మందు అదే. మీ ప్రశ్న వాళ్లకు అర్థం కాకపోతే ఆ క్లినిక్‌లో ఫిల్లరు వద్దు. ముడతలకు వేసే బొటాక్స్ ఇంజెక్షన్ సీసా ఉండే ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, అందులో పెరుగు గిన్నె ఉండకూడదు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

తెల్లబడటానికి గ్లూటాథయోన్ అనే మందును నరంలోకి ఎక్కించే డ్రిప్ అంటే నా సలహా ఒక్కటే: వద్దు. అమెరికా, ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థలు రెండూ ఇలాంటి ఇంజెక్షన్ల విషయంలో హెచ్చరించాయి. చేతిలో పెట్టిన క్రీములో బీటామెథాసోన్, క్లోబెటాసోల్ ఉన్నాయేమో చదవండి. ఇవి స్టెరాయిడ్లు. ముందు మెరుపు వస్తుంది, నెలల తరబడి వాడితే చర్మం పలచబడి ఎర్రబారుతుంది.

చివరగా పంచాంగం లెక్క. రసాయనాలతో చర్మం పైపొర ఊడదీసే పీలింగ్ చేయించాలనుకుంటే ముహూర్తానికి కనీసం నెలన్నర ముందే పూర్తి కావాలి. మచ్చ పడితే మన చర్మం మీద అది నెలల తరబడి ఉంటుంది. వారం ముందు పీలింగ్ చేయించుకుని, లేత పొర మీద నలుగు పెట్టి సున్నిపిండితో రుద్దించుకున్న పెళ్లికూతురి ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోండి. అత్తయ్యలు వినరు కాబట్టి, ఆ సంగతి ముందే ఇంట్లో చెప్పి ఉంచండి.