మీ పిల్లలకి చదవడం ఎంతవరకు వచ్చిందో ఇంట్లోనే చూసుకోండి

నేను మూడో తరగతి చెప్పే టీచర్ని. బడిపిల్లల చదువు ఎలా ఉందో చూడటానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన పరఖ్ సర్వే అయిన దగ్గర్నుంచి తల్లిదండ్రులు అడిగేది ఒకటే: "మేడమ్, మావాడికి ఎన్నొచ్చాయి?"

ఎవరికీ విడిగా మార్కులు రావమ్మా. 2024 డిసెంబరు 4న దేశమంతా 3, 6, 9 తరగతుల్లో కొందరు పిల్లల్ని ఎంచి ఆ పరీక్ష పెట్టారు. మొత్తం 21 లక్షల పైచిలుకు మంది. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టే. ఫలితం రాష్ట్రానికీ జిల్లాకీ వస్తుంది, పిల్లల పేరు మీద రాదు. మూడో తరగతిలో 99 వరకు సంఖ్యల్ని వరసలో పెట్టగలిగినవాళ్లు దేశం మొత్తమ్మీద 55 శాతమేనని అందులో తేలింది. ఇది మా టీచర్లకి, అధికారులకి పనికొచ్చే లెక్క. మీవాడి సంగతి మాత్రం అది చెప్పదు.

దానికి ఇంకో దారి ఉంది. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి, పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చదివిస్తారు. ఆ పద్ధతి మీరూ వాడుకోవచ్చు. పది నిమిషాల పని.

ముందు పుస్తకం సంగతి. మీవాడి వాచకం వద్దు, అందులో పాఠాలు సగం కంఠతా వచ్చేసి ఉంటాయి. చూడకుండానే గడగడా అప్పజెప్పేస్తాడు, మీరు మురిసిపోతారు! ఎప్పుడూ చదవని పుస్తకంలోంచి ఒకటో తరగతి స్థాయి పేరా ఒకటి, రెండో తరగతి స్థాయి చిన్న కథ ఒకటి తీసుకోండి. తెలుగా, ఇంగ్లీషా అన్నది పిల్లల ఇష్టానికే వదిలేయండి.

పేరాతో మొదలుపెట్టండి. కూడబలుక్కోకుండా, వాక్యాన్ని వాక్యంలా, మూడు తప్పులకి మించకుండా చదివితే కథ ఇవ్వండి. చదవలేకపోతే తేలిక మాటలు చూపించి అయిదు చదవమనండి. నాలుగైనా సరిగ్గా రావాలి. అవీ రాకపోతే అక్షరాలు, అక్కడా అయిదింటికి నాలుగు. ఎంతవరకు సరిగ్గా చదవగలిగితే అదే మీవాడి మెట్టు. మధ్యలో అందించకండి. పక్కన అక్కనో నాయనమ్మనో ఉంటే ముందే బయటికి పంపేయండి, వాళ్లు ఊరుకోరు.

నా తరగతిలో ఎక్కువమంది తట్టుకునేది ఒత్తుల దగ్గర. గుణింతాలు బాగానే చదివి, 'రాష్ట్రం' రాగానే నా మొహం చూస్తారు.

లెక్కలకి అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేతలు రెండు ఇవ్వండి. రెండూ చేస్తే, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించమనండి. తీసివేత రాకపోతే 11 నుంచి 99 లోపు సంఖ్యలు చూపించి చదివించండి.

ఇదంతా ఎందుకంటారా? మూడో తరగతి దాటాక పరిసరాల విజ్ఞానమైనా, లెక్కల్లో రాత సమస్య అయినా చదివి అర్థం చేసుకోవాల్సిందే. పేరా చదవలేని పిల్లకి అన్ని సబ్జెక్టులూ ఒకేసారి కష్టమైపోతాయి. 2024 అసర్‌లో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. కాబట్టి మీవాడు ఆగిపోతే టెన్షన్ పడి వెంటనే ట్యూషన్‌కి పంపకండి. బడికొచ్చి "చదవట్లేదు మేడమ్" అనే బదులు "మాటలు వస్తున్నాయి, పేరా రావట్లేదు" అని చెప్పండి. అప్పుడు మర్నాడు వాణ్ణి ఎవరి పక్కన కూర్చోబెట్టాలో, ఏ కార్డులు ఇవ్వాలో నాకు తెలుస్తుంది.