కథ చివర తేలిపోతోంది: లోపం ఎక్కడ వెతకాలి

లక్షణం: ఎత్తుగడ బాగుంటుంది, సంఘటనలకు కొదవుండదు, పతాక సన్నివేశంలో వాన, ఏడుపు అన్నీ ఉంటాయి. అయినా చదివినవాళ్లు "ఊఁ, బాగుంది" అని ఊరుకుంటారు. దిద్దిపెట్టమని తిరుపతిలో నా దగ్గరికొచ్చే కథల్లో ఎక్కువగా కనబడేది ఇదే.

ముందు చేయాల్సింది, ఎవరూ చేయనిది: కథను ఐదు వాక్యాల్లో కాగితం మీద పెట్టండి. ఆరంభం (కోరిక పుట్టడం), ప్రయత్నం, ప్రాప్త్యాశ (దక్కుతుందన్న ఆశ), నియతాప్తి (దక్కడం ఖాయమవడం), ఫలాగమం (దక్కడం). నాట్యశాస్త్రం చెప్పిన ఐదు అవస్థలివి. 1863లో జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ చూపిన పిరమిడ్‌లోనూ ఐదు భాగాలున్నాయి గానీ, అది కథ ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతుందో చూపిస్తుంది. మన అవస్థలు ఎవరికి ఏం కావాలి, దానికోసం ఏం చేస్తున్నారు అని అడుగుతాయి. ఈ లోపానికి అవే పనికొస్తాయి.

వాక్యాల మధ్య "అందువల్ల" గానీ "అయితే" గానీ పెట్టి చూడండి. "తర్వాత" ఒక్కటే అతికితే ఆ సంఘటన తీసేయండి. చాలా కథలు ఇక్కడే బాగుపడతాయి.

అన్నీ అతికినా చప్పగానే ఉందా? అయితే అసలు కారణం ఇది: పతాక సన్నివేశంలో నిర్ణయం ముఖ్యపాత్రది కాదు. ఆ పాత్ర అక్కడే ఉంటుంది, కన్నీళ్లూ దానివే, అందుకే ఈ లోపం రచయిత కంటికి ఆనదు.

చిత్తూరు పక్క తోతాపురి మామిడి రైతు కథ అనుకోండి. ధర పడిపోయింది, అందువల్ల అప్పు తీరలేదు, అందువల్ల గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల వరసలో పడిగాపులు. అయితే కాయ మెత్తబడుతోంది. చివరకు బెంగళూరు నుంచి కొడుకు డబ్బు పంపుతాడు, రైతు కళ్లు తుడుచుకుంటాడు. మొదటి పరీక్షలో నెగ్గుతుంది ఈ కథ. కానీ తేల్చింది కొడుకు. రచయిత ఆ చివరి పేజీనే పదేపదే తిరగరాస్తాడు, వర్షం పెంచుతాడు, కొడుకును చంపుతాడు కూడా. ఏం లాభం?

ఆ సన్నివేశంలో ముఖ్యపాత్ర చేసిన పనులన్నిటి కిందా గీత గీయండి. చూశాడు, విన్నాడు, తెలుసుకున్నాడు, ఏడ్చాడు. అవే ఉంటే లోపం దొరికినట్టే. మరమ్మతు మాత్రం అక్కడ కాదు, ఆరంభంలో. "ఈసారి నీ బండే ముందు" అని రైతు బావమరిదికి మొదటి పేజీలోనే మాటిచ్చాడనుకోండి. ఫ్యాక్టరీ గేటు దగ్గర మిగిలింది ఒకే టోకెన్. "బావా, మాటిచ్చినావు కదా" అంటాడు వాడు. ఇప్పుడు రైతు ఏం చేసినా అది కథే. కొడుకు డబ్బు ఆ తర్వాత వచ్చినా నష్టం లేదు.

మన తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ కథే చూడండి. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడు అమ్మకు భయపడి దాక్కుంటాడు. అమ్మ బైరాగి, బండ, తోటి వేషాల్లో వెతుకుతుంది. దొర వేషంలో వస్తే, నిజంగా దొరే అనుకుని వాడు బయటికొస్తాడు, ఆమె చేతిలో చస్తాడు. పాముకాటుకు చచ్చుంటే ఏటేటా జాతరలో ఈ వేషాలు కట్టేవాళ్లమా? ఆ మర్నాటి మాతంగి వేషం పాలెగాడి పెళ్లాన్ని ఓదార్చడానికంటారు. పతాక సన్నివేశం తర్వాత అలాంటి చోటు ఒక పేరా అయినా ఉంచండి, కొత్తవాళ్లు కోసేసేది దాన్నే.

పాత్రలు ఎక్కువవడం, ఫ్లాష్‌బ్యాక్ తప్పు చోట పడడం వల్ల చివర తేలిపోవడం అరుదు. పై రెండూ చూశాకే వాటి జోలికి పోండి. కొసమెరుపు అతికించి గట్టెక్కుదామనుకుంటే మాత్రం ఆ కథ నా దగ్గరికి తేవద్దు.