నిజాముద్దీన్ ఔలియాను చదవడం ఎలా: కథ ఎవరిది, తేదీ ఎప్పటిది

ఢిల్లీ సూఫీ గురువు హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా గురించి తెలుసుకోదలచిన పాఠకుడికి మొదట ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, ఆయన తన బోధనలను స్వయంగా ఏ గ్రంథంగానూ రాయలేదు, కానీ ఆయన పేరు మీద చలామణీ అయ్యే మాటలు మాత్రం కొల్లలుగా ఉన్నాయి. ఖవ్వాలీలో విన్నది, దర్గా ముంగిట కొన్న చిన్న పుస్తకంలో చదివినది, ఫోనుకు వచ్చిన సందేశంలో చూసినది అన్నీ ఒకే బరువుతో మన ముందుకు వస్తాయి. వీటిని వేరు చేసుకోవడానికి పారశీక పాండిత్యం తప్పనిసరి కాదు. ప్రతి మాట దగ్గరా ఆగి, దీన్ని ఎవరు రాసిపెట్టారు, ఎప్పుడు రాసిపెట్టారు అని అడిగే అలవాటు ఉంటే చాలావరకు పని జరుగుతుంది.

ముందుగా జీవితపు ఆనవాళ్లను ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఆయన సుమారు 1238లో బదాయూఁలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోగా తల్లి బీబీ జులేఖా పేదరికంలో పెంచింది. ఇంట్లో వండడానికి ఏమీ లేని రోజున ఆమె "ఈ రోజు మనం దేవుడి అతిథులం" అనేదని, ఆ మాట కోసం తాను ఎదురుచూసేవాడినని ఆయన చెప్పుకున్నట్టు శిష్యులు నమోదు చేశారు. చదువు కోసం ఢిల్లీ చేరి, ఇరవై ఏళ్ల ప్రాయంలో అజోధన్ (నేటి పాకిస్తాన్‌లోని పాక్‌పట్టన్) వెళ్లి చిష్తీ అనే సూఫీ శాఖకు చెందిన గురువు బాబా ఫరీద్‌కు మురీద్ (శిష్యుడు) అయ్యారు. తరువాత యమున ఒడ్డున ఉన్న గియాస్‌పూర్‌లో ఖాన్ఖా (సూఫీ ఆశ్రమం) ఏర్పరచుకుని, వచ్చిన కానుకలను నిలవ ఉంచకుండా పంచిపెడుతూ, 1325 ఏప్రిల్ 3న మరణించే వరకు అక్కడే ఉన్నారు. మూల గ్రంథాల్లోని తేదీలన్నీ హిజ్రీ (ఇస్లామీయ చాంద్రమాన) తేదీలే. ఆ సంవత్సరం మనం వాడే సంవత్సరం కంటే సుమారు 11 రోజులు చిన్నది కాబట్టి, అక్కడ చెప్పిన వయసులను ఉన్నవి ఉన్నట్టు తీసుకుంటే లెక్క కొంత తప్పుతుంది. ప్రతి ఏటా ఉర్సు (వర్ధంతి ఉత్సవం) తేదీ ముందుకు జరగడానికి కారణం కూడా ఇదే.

ఆ తరువాత తెరవవలసిన గ్రంథం ఫవాయిద్-ఉల్-ఫువాద్. దీన్ని రాసినవాడు కవి, శిష్యుడు అమీర్ హసన్ సిజ్జీ. సూఫీ గురువు సభలో పలికిన మాటలను శిష్యుడు రాసిపెట్టే ప్రక్రియను మల్ఫూజాత్ అంటారు. ఈ గ్రంథంలో 1308 జనవరి నుంచి 1322 వరకు జరిగిన 188 మజ్లిస్‌లు (సభలు) తేదీలతో సహా ఉన్నాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి, హసన్ తన రాతప్రతిని గురువుకే చూపించగా, అతను ఖాళీ వదిలిన చోట్లను గురువే పూరించారు. మధ్యయుగపు సూఫీలలో ఇంతటి పూచీ ఉన్న రికార్డు చాలా అరుదు. 1992లో బ్రూస్ లారెన్స్ చేసిన ఆంగ్లానువాదం దొరుకుతుంది. ఉర్దూ చదవగలిగినవారికి ఉర్దూ అనువాదాలు కూడా ఉన్నాయి.

దీన్ని సిద్ధాంత గ్రంథంలా మొదటి పుట నుంచి చివరి వరకు ఏకబిగిన చదవకూడదు. రోజుకు ఒకటి రెండు మజ్లిస్‌లు చదివి, ఆ రోజు ఎవరు వచ్చారో, వారి అవస్థ ఏమిటో, దానికి గురువు ఏ కథ ఎత్తుకున్నారో గమనించాలి. ఉదాహరణకు, ఒక నగరంలో ధనవంతుడైన బ్రాహ్మణుడి ఆస్తినంతా అక్కడి అధికారి లాగేసుకున్నాడని, దారిలో కలిసిన స్నేహితుడు యోగక్షేమాలు అడిగితే "బాగానే ఉన్నాను" అన్నాడని, అన్నీ పోయాక ఇంకేం బాగు అంటే "నా జంధ్యం నా దగ్గరే ఉంది కదా" అని జవాబిచ్చాడని ఆయన ఒక సభలో చెప్పారు. విడిగా చదివితే ఇది మతసామరస్యానికి ఉదాహరణగా కనిపిస్తుంది, చాలామంది అలాగే ఉటంకిస్తారు కూడా. కానీ ఆ రోజుల్లో హసన్‌కు జీతం అందక మనసు కలతపడి ఉంది, ఆ కథ తనను ఓదార్చడానికే చెప్పారని అతనే రాసుకున్నాడు. సందర్భం తెలిశాక కథలోని అసలు బోధ తేటపడుతుంది: పోయినదాన్ని కాక, ఎవరూ తీసుకోలేని దాన్ని చూసుకోమని చెప్పడానికి ఒక ముస్లిం గురువు ఒక బ్రాహ్మణుడి నిబ్బరాన్ని ఆదర్శంగా చూపడంలో ఆయనకు ఏ సంకోచమూ కలగలేదు. నా దృష్టిలో సామరస్యం గురించిన నినాదాలకంటే ఈ సంకోచం లేకపోవడమే విలువైనది.

బోధనలలో రెండింటిని మాత్రం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకుని చదివితే మిగతావి వాటి చుట్టూ అమరుతాయి. ఆరాధన రెండు రకాలని ఆయన అంటారు. నమాజు, ఉపవాసం, హజ్ వంటి వాటి ఫలం చేసినవాడికే పరిమితం, కానీ దానం, దయ వంటివి ఇతరులకు చేరతాయి కాబట్టి వాటి పుణ్యానికి కొలత లేదు. మొదటి రకాన్ని ఆయన తక్కువ చేశారని అనుకోవడం పొరపాటు, ఎందుకంటే తన నమాజు, ఉపవాసాల విషయంలో ఆయన చాలా కఠినంగా ఉండేవారు. రెండవది, ఒకడు నీ దారిలో ముల్లు వేస్తే నువ్వూ ముల్లే వేస్తే దారి పొడవునా ముళ్లే మిగులుతాయన్న మాట.

ఫవాయిద్ తరువాత ఇతర గ్రంథాలకు వెళ్లవచ్చు. శిష్య కుటుంబానికి చెందిన అమీర్ ఖుర్ద్ పద్నాలుగో శతాబ్దిలోనే సియర్-ఉల్-ఔలియా రాశాడు. చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ కూడా ఆయన మురీదే. తెలుగువారికి ఆసక్తి కలిగించే ఒక ప్రస్తావన బరనీలో ఉంది: మాలిక్ కాఫూర్ సేన ఓరుగల్లు మీదికి వెళ్లి వార్తలు ఆగిపోయినప్పుడు, అలాఉద్దీన్ ఖిల్జీ కలవరపడి గురువు దగ్గరకు మనుషులను పంపాడని, ఆయన ఈ విజయమే కాక మరిన్ని విజయాలు ఉన్నాయని చెప్పారని, ఆ రోజే కబురు అందిందని అతను రాశాడు. దీన్ని చదివేటప్పుడు ఇది గురువు గతించి మూడు దశాబ్దాలు దాటాక, ఒక శిష్యుడు భక్తితో రాసినదన్న సంగతి మరువకూడదు. కొట్టిపారేయనూ వద్దు, ప్రతాపరుద్రుడి కథలో అతికించనూ వద్దు. సుల్తాను ఆందోళనకూ, సూఫీ ప్రతిష్ఠకూ అది సాక్ష్యం.

"ఢిల్లీ ఇంకా దూరమే" అన్న ప్రసిద్ధ వాక్యాన్నీ ఇదే తూకంలో వేయాలి. బెంగాల్ నుంచి తిరిగివస్తూ తనను నగరం విడిచిపొమ్మన్న గియాసుద్దీన్ తుగ్లక్‌కు ఆయన ఇచ్చిన జవాబుగా దీన్ని చెబుతారు. సుల్తాను 1325లో మండపం కూలి చనిపోయిన మాట నిజం. అయితే ఫవాయిద్ 1322తోనే ఆగిపోతుంది, మండపం కూలడాన్ని వర్ణించిన బరనీ కూడా ఈ వాక్యాన్ని రాయలేదు. దీన్ని తరువాతి తరాలు చెప్పుకున్న కథగానే పేర్కొనడం మర్యాద.

చిష్తీ గురువుల పేర్లతో పుట్టిన నకిలీ మల్ఫూజాత్‌ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తానుగానీ తన గురువులుగానీ ఏ పుస్తకమూ రాయలేదని నిజాముద్దీన్ చెప్పినట్టు ఆయన వారసుడు నసీరుద్దీన్ చిరాగ్ స్పష్టం చేశారు. ఆ మాటను ఎదురుగా పెట్టుకుంటే అనుమానించవలసినవి చాలావరకు వాటంతట అవే బయటపడతాయి.

ఇక్కడి నుంచి దక్కనుకు దారి దగ్గరే. శిష్యుడు బుర్హానుద్దీన్ గరీబ్ సమాధీ, హసన్ సిజ్జీ సమాధీ కూడా దౌలతాబాద్ సమీపంలోని ఖుల్దాబాద్‌లో ఉన్నాయి. నసీరుద్దీన్ శిష్యుడైన బందే నవాజ్ గేసూదరాజ్ గుల్బర్గాలో స్థిరపడ్డారు. ఆయన ఉర్సుకు తెలంగాణ నుంచి ఎందరో వెళ్తుంటారు. ఆయన మాటలను కుమారుడు జవామి-ఉల్-కలిమ్‌గా సంకలనం చేశాడు. ఫవాయిద్ పూర్తి చేసినవారు తరువాత దాన్ని చేతిలోకి తీసుకుంటే, నాలుగు తరాల గురువులలో ఒకే కథ ఎలా రూపు మారుతూ వచ్చిందో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.