కటౌట్‌కి అంచే ప్రాణం

ఫోటోషాప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఫోటోలోంచి మనిషినో వస్తువునో విడదీసి కటౌట్ చేసేటప్పుడు, బ్యాక్‌గ్రౌండ్ తీసేయడానికి ఎరేజర్ ముట్టుకోకండి. నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకు మొదట చెప్పేది ఇదే. చెరిపేసి, సేవ్ చేసి, ఫైలు మూసేశాక ఆ పిక్సెల్స్ ఇక రావు. లేయర్ మాస్క్, అంటే బొమ్మని చెరపకుండా దాచే తెర, అందులో ఏదీ పోదు. నలుపు పూసిన చోట బొమ్మ దాక్కుంటుంది, తెలుపు పూస్తే మళ్లీ బయటికొస్తుంది, బూడిద రంగైతే పాక్షికంగా పారదర్శకంగా కనిపిస్తుంది. 8 బిట్ మాస్క్‌లో, అంటే 256 ఛాయలుండే మాస్క్‌లో, నలుపు 0, తెలుపు 255. మధ్యలో ఉన్న ఆ బూడిద ఛాయలన్నీ మనవే, వాటిని వాడుకోవడంలోనే పనితనం ఉంది.

టూల్ పట్టుకునే ముందు ఫోటోని తీరిగ్గా చూడండి. ఒక మనిషి పింగాణీ కప్పు పట్టుకుని ఉన్నాడనుకుందాం. కప్పు అంచు గీత గీసినట్టుంటుంది. స్వెటర్ అంచు నూగునూగుగా ఉంటుంది. వెనక భుజం ఫోకస్‌లో లేక అలుక్కుపోయి ఉంటుంది. జుట్టు సంగతి వేరే చెప్పాలా! వీటన్నిటికీ కలిపి ఒకే ఫెదర్ (అంచుని మెత్తబరిచే కొలత) పెడితే కప్పు మసకబారుతుంది, లేదా జుట్టు కత్తిరించిన అట్టలా తయారవుతుంది. ఏ అంచు పని ఆ అంచుకే చేయాలి.

కప్పుకి పెన్ టూలే, అంటే పాయింట్లు కలుపుతూ గీత గీసే టూల్. 200 శాతం జూమ్ చేసి, వంపు దిశ మారే చోటే పాయింట్ పెట్టండి. నిండు వృత్తానికి నాలుగు పాయింట్లు చాలు. పాయింట్లు ఎక్కువైతే గీత గతుకులు పడుతుంది. ఆ గీతని, అంటే పాత్‌ని, అసలు అంచు మీద కాకుండా ఒక పిక్సెల్ లోపలికి నడిపించండి, పాత బ్యాక్‌గ్రౌండ్ రంగు వెంట రాదు. కప్పు పిడి మధ్య ఖాళీకి విడిగా పాత్ గీసి సెలెక్షన్‌లోంచి (ఎంచుకున్న భాగంలోంచి) తీసేయాలి, చాలామంది మర్చిపోయేది దీన్నే. ఫోటోషాప్‌లో కంట్రోల్ ఎంటర్ నొక్కితే పాత్ సెలెక్షన్ అవుతుంది. జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాత్స్ టూల్ అదే పని చేస్తుంది. ఫెదర్ అర పిక్సెల్ ఇస్తే చాలు.

భుజం దగ్గర మాస్క్ మీద మెత్తటి బ్రష్ వాడండి. ఫోటోలో మసక ఎంత వెడల్పుందో బ్రష్ అంచు కూడా అంతే మెత్తగా ఉండాలి. ఎక్స్ నొక్కుతుంటే నలుపు, తెలుపు మారుతుంటాయి. నా ఎడమచేతి వేలు ఎప్పుడూ ఆ కీ మీదే ఉంటుంది.

జుట్టుకి నేను ఛానల్స్‌నే, అంటే ఒక్కో రంగు వెలుతురుని విడిగా చూపే నలుపు తెలుపు బొమ్మలనే, నమ్ముతాను. వెలుతురు గోడ ముందు నల్లటి జుట్టైతే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానల్స్ ఒక్కొక్కటే తెరిచి, జుట్టుకీ గోడకీ తేడా ఎక్కువ ఉన్నదాన్ని ఎంచుకోండి. దాన్ని డూప్లికేట్ చేశాకే పని మొదలుపెట్టండి, అసలు ఛానల్‌ని మారిస్తే ఫోటో రంగులే మారిపోతాయి. లెవెల్స్‌తో (వెలుగునీడలు సర్దే టూల్) గోడని తెలుపు వైపు, జుట్టుని నలుపు వైపు జరపండి. పూర్తిగా తెల్లబడేదాకా లాగొద్దు, సన్నటి పోగులు మొదట తెగేది అక్కడే. మిగిలిన బూడిద మరకల మీద బ్రష్‌ని ఓవర్‌లే మోడ్‌లో, ఒపాసిటీ (రంగు గాఢత) తగ్గించి వాడండి. నలుపు పూస్తే ముదురు ఛాయలు ఇంకా ముదురుతాయి, స్వచ్ఛమైన తెలుపు చెక్కుచెదరదు. ముఖం లోపలి భాగాన్ని మామూలు బ్రష్‌తో నలుపు నింపి, కంట్రోల్ ఐతో తిరగేయండి. జుట్టు తెల్లగా, గోడ నల్లగా అవుతుంది. ఆ ఛానల్ థంబ్‌నెయిల్‌ని (చిన్న బొమ్మని) కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేస్తే సెలెక్షన్ సిద్ధం. ఫోటోషాప్‌లో అంచులని తనే వెతికిపెట్టే సెలెక్ట్ అండ్ మాస్క్ లాంటివి మంచి ఆరంభాన్నిస్తాయి, కానీ చివరి పోగుల దగ్గర కన్నే తీర్పు చెప్పాలి.

పరీక్ష తప్పనిసరి. కింద ఒక ముదురు రంగు లేయర్, ఒక లేత రంగు లేయర్ పెట్టి ఒకదాని తర్వాత ఒకటి ఆన్ చేయండి. ముదురు మీద తెల్లటి అంచు, లేత మీద నల్లటి గీత బయటపడతాయి. ఆల్ట్ పట్టుకుని మాస్క్ థంబ్‌నెయిల్ క్లిక్ చేస్తే మాస్క్ ఒక్కటే కనిపిస్తుంది. లోపల మిగిలిపోయిన బూడిద చుక్కలు అప్పుడే దొరుకుతాయి. జుట్టు చివర్లలో గోడ రంగు ఇంకా అంటుకుని ఉంటే, పైన ఒక లేయర్‌ని కటౌట్ హద్దు దాటకుండా క్లిప్ చేసి, కలర్ మోడ్‌లో పెట్టి, పక్క వెంట్రుకల రంగే తీసుకుని పూయండి.

లేయర్లతో ఉన్న ఫైలు దాచుకోండి. బయటికి పంపేది పీఎన్‌జీలో ఇవ్వండి, జేపెగ్‌లో పారదర్శకత ఉండదు.